ఎడమవైపు బొత్తాలు

పోయిన వారం మనం లాయరమ్మను ఆమె ఇంటి గుమ్మంలోనే, చెప్పులైనా విడవనివ్వకుండా నిలబెట్టి వదిలేశాం. లోపల హాల్లో టైలరమ్మ ఏడుస్తోంది. అది దుఃఖమో సంతోషమో తేలకుండానే వారం గడిచిపోయింది.

అది తేల్చుకునే ముందు, ఈ వారమే మనతో చేరినవాళ్లకు నాలుగు ముక్కలు. సరిహద్దు దారిలో సైనికులు ఒక బస్సును ఆపి, పక్కనే ఉన్న తమ బ్యారక్‌ల గేటులోకి తోలించారు. ఆ తర్వాత బస్సూ బయటికి రాలేదు, అందులోని మనుషులూ రాలేదు. అసలు ఆ రోజు ఆ దారిన బస్సే పోలేదని ప్రభుత్వం బల్లగుద్ది చెబుతోంది. పోయిందని, గేటులోకి తిరుగుతుంటే కళ్లారా చూశానని చెప్పగలిగింది ఒక్క టైలరమ్మే. బస్సు నడిపింది ఆమె మొగుడు. అతనికి అన్నం క్యారేజీ అందిద్దామని ఆ మలుపు దగ్గర నిలబడింది కాబట్టి చూసింది. రేపు పొద్దున ఆ మాటే దేశదేశాల జడ్జీలు కూర్చునే పెద్ద కోర్టులో చెప్పాలి. చెబితే కేసు నిలబడుతుంది. చెప్పకపోతే బస్సులోని అందరి కుటుంబాలూ ఇళ్లకు పోయి తలుపులు వేసుకోవడమే.

ఆ బస్సులో లాయరమ్మ మరిది కూడా ఉన్నాడు. ఈ సంగతి లాయరమ్మకు తెలుసు, ఆమె అత్తగారికి తెలుసు, మనకు తెలుసు. పిటిషన్‌కు తెలియదు. సొంతవాడి పేరు రాస్తే ఆ కేసు ఆమె పట్టకూడదు. పైగా అతను లాయరమ్మ మనిషని బ్యారక్‌ల లోపలివాళ్ల చెవిన పడితే ముందు అతన్నే మాయం చేస్తారు. అందుకని, రాయొద్దని కన్నతల్లే చెప్పింది. ఆ తల్లి ఈ ఇంట్లోనే ఉంటుంది. లాయరమ్మ మొగుడు, పెళ్లాం ముఖం కన్నా ఆమె సూట్‌కేసే ఎక్కువసార్లు చూస్తున్నానని విసిగి, విడాకులు పుచ్చుకుని వెళ్లిపోయాడు. అత్తగారు మాత్రం కదల్లేదు. "వాడితో నాకు మాత్రం కుదిరిందెప్పుడు?" అని కోడలి దగ్గరే ఉండిపోయింది.

ఇక గుమ్మంలోంచి లోపలికి వెళదాం.

టైలరమ్మ ఏడ్చేది సంతోషంతోనే. లాయరమ్మను చూడగానే లేచివచ్చి రెండు చేతులూ పట్టుకుంది. తన చేతుల్లో ఒకదాంట్లో ఇంకా సూది ఉంది. రేపటి కోర్టు కోసం లాయరమ్మ నల్ల గౌను అంచు ఊడిపోతే, ఊరికే కూర్చోలేక, దాన్ని కుడుతోంది.

"అక్కా, ఉన్నాడు. జవాబొచ్చింది. ఆయనే."

లాయరమ్మ కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

జవాబంటే ఏమిటో చెప్పాలి. ఫలానా మనిషి మా దగ్గర ప్రాణాలతో ఉన్నాడని ఎవరైనా బేరానికి వస్తే ఫొటోను నమ్మకూడదు, గొంతును నమ్మకూడదు. ఇంటివాళ్ల చేత ఒక ప్రశ్న పంపించాలి. దాని జవాబు ఆ మనిషికీ అడిగినవాళ్లకూ తప్ప మూడో ప్రాణికి తెలియకూడదు. ప్రశ్న ఏమిటో లాయరు కూడా అడగకూడదు. ఈ నియమం రాసింది లాయరమ్మే. ఇరవయ్యేళ్లుగా దేశదేశాలు తిరిగి కుర్ర లాయర్లకు నేర్పిస్తున్నదీ ఆమే. అది నేర్పినందుకు ఇచ్చిన గాజు బహుమతి ఒకటి వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉంది. పెట్టింది అత్తగారు. బరువుగా ఉంది, పనికొస్తుంది అంది.

బేరం తెచ్చినాయన ఒకప్పుడు రాయబారి. ఇప్పుడు పదవి లేదు కానీ, పదవిలో ఉన్నప్పటి చిరునవ్వు అలాగే ఉండిపోయింది. అత్తగారు ఆయనకు పళ్లపొడి అని పేరు పెట్టింది. పళ్లపొడి తెచ్చిన బేరం చాలా సింపుల్. టైలరమ్మ సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నానని సంతకం పెట్టాలి. ఆ కాగితం సాయంత్రం కోర్టు ఆఫీసు మూసేలోగా అందాలి. అందితే మొగుడు ఇంటికొస్తాడు. అతనొక్కడే. మిగతా వాళ్ల గురించి ఆ పెద్దమనిషికి ఏమీ తెలియదు, తెలుసుకునే ఉద్దేశమూ లేదు.

టైలరమ్మ నిన్న ప్రశ్న పంపింది. జవాబు ఇందాక ఫోన్లో వచ్చింది. ఇక దాచేదేముంది కనుక, ఆనందం పట్టలేక, అడక్కుండానే చెప్పేసింది.

"నీకు నేను కుట్టిన మొదటి చొక్కాలో తప్పేమిటి అని అడిగానక్కా. బొత్తాలు ఎడమవైపు కుట్టావు, ఆడవాళ్ల చొక్కాకి కుట్టినట్టు, అన్నాడట. ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి. ఆ చొక్కా చిరిగిపోయి కూడా ఎన్నేళ్లో అయింది."

ఆ చొక్కా సంగతి లాయరమ్మకు తెలుసు. కేసు మొదలైన కొత్తలో టైలరమ్మే చెప్పింది, వాంగ్మూలం రాయించడం అయిపోయాక, చల్లారిన టీ ముందు కూర్చుని, మాటల్లో మాటగా. చెప్పినట్టు ఆ అమ్మాయికి గుర్తు కూడా లేదు. లాయరమ్మకు మాత్రం గుర్తుండిపోయింది. మంచి మాట వినిపిస్తే వదలని అలవాటు లాయర్లది. ఆ మాటను తీసుకెళ్లి పెద్ద సభలో, కెమెరాల ముందు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ చెప్పింది. ముందు వరుసలో మంత్రులు కళ్లు తుడుచుకున్నారు. మర్నాడు పత్రికలన్నీ ఆ వాక్యాన్నే వేశాయి. అసలు విచారణకే తీసుకోనన్న కోర్టు, తీసుకుంది. ఆమె జీవితం మొత్తం మీద అంతకంటే గొప్ప ఉపన్యాసం లేదని అందరూ అన్నారు.

అంటే ఆ జవాబు ఇప్పుడు ప్రపంచంలో ఎవరికైనా తెలుసు. బ్యారక్‌లలో బూట్లు తుడిచేవాడు కూడా ఫోన్లో వెతుక్కుని చెప్పగలడు.

ఈ మాట చెప్పాలి. చెప్పకపోతే ఈ పిల్ల, బతికున్నాడో లేదో తెలియని మనిషి కోసం బస్సులోని అందరినీ వదిలేసుకుంటుంది. చెబితే? ఆ జవాబు చెల్లదు అంటే లాభపడేది ఎవరు? కేసు. కేసంటే ఎవరు? లాయరమ్మ. జీవితమంతా నిజాలు చెప్పి బతికిన మనిషి, చెప్పబోయే నిజం అచ్చం అబద్ధంలా వినిపిస్తుందని తెలిసి నోరు తెరవడం ఎంత కష్టమో ఆ పూట తెలుసుకుంది.

అయినా చెప్పింది. మెల్లగా, సాకులు కలపకుండా చెప్పింది.

టైలరమ్మ చేతులు వదిలేసింది. వెనక్కి వెళ్లి కూర్చుని గౌను ఒళ్లోకి తీసుకుంది. నాలుగు కుట్లు వేశాక గానీ మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు ఆమె నోట్లోంచి అక్క మాయమైపోయింది.

"మీ కేసు పోతుందని అంటున్నారు లాయరమ్మా."

కాదంది లాయరమ్మ.

"నేను చొక్కా సంగతి మీకెప్పుడూ చెప్పలేదు. నేను చెప్పందే మీరెక్కడ చెబుతారు? రేపు నన్ను ఆ బోనులో నిలబెట్టాలి. అంతేగా. ఆయన బతికి ఉంటే మీకు అడ్డం. చచ్చిపోతేనే మీ కేసుకి బలం. నాకు చదువు లేకపోవచ్చు, ఇంత మాత్రం తెలియదా?"

ఎందరో సైన్యాధిపతులు నిలదీసినప్పుడు లేని తడబాటు, లాయరమ్మకు ఈ మాటకు వచ్చింది. ఎందుకంటే ఆ మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని ఆమె ఎప్పుడూ తిరగేసి చూసుకోలేదు.

అప్పుడు వంటింట్లోంచి ఒక గొంతు వినిపించింది. కారుతున్న కుళాయికి గుడ్డ చుడుతూ, ఇటు తిరక్కుండానే, అత్తగారు మొదలుపెట్టింది.

"గౌరవనీయులైన సభ్యులారా. ఆమె అతనికి కుట్టిన మొదటి చొక్కాకు బొత్తాలు ఎడమవైపు పడ్డాయి, ఆడవాళ్ల చొక్కాలకు ఉన్నట్టు. అతను నవ్వలేదు, విప్పలేదు. ఆ రోజంతా అదే తొడుక్కుని బస్సు నడిపాడు. అలాంటి మనిషే లేడని ఈ ప్రభుత్వం అంటోంది. లేని మనిషికి చొక్కా ఎవరు కుడతారు?"

మాట పొల్లుపోలేదు. కోడలు ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది. కోడలు గొంతు ఎక్కడ కాస్త వణికించిందో అక్కడ ఆవిడ గొంతూ వణికింది.

లాయరమ్మ నిర్ఘాంతపోయి చూసింది. ఆ ఉపన్యాసం ఇచ్చి ఇంటికొచ్చిన రోజు అత్తగారు అడిగింది ఒక్కటే, ప్లంబరుకు ఫోన్ చేశావా అని. ఆ తర్వాత కూడా ఏ బహుమతినీ ఎప్పుడూ మెచ్చుకున్న పాపాన పోలేదు. ఇప్పుడేమో మొత్తం కంఠతా వచ్చు.

"పగలు ఇంట్లో ఏం తోచక ఆ వీడియో పెట్టుకుంటా," అంది అత్తగారు కుళాయితో. "నాకే వచ్చేసిందంటే, వినాలని విన్నవాళ్లకు రాదా తల్లీ."

హాల్లో సూది ఆగిపోయింది. టైలరమ్మ ముఖంలో ఇందాకటి వెలుగు ఎలా ఆరిపోయిందో చెప్పడానికి మాటలు వెతకడం అనవసరం. సూదిని గౌను అంచుకు గుచ్చి పెట్టింది.

"అది నా మాట," అంది. "నా మొగుడిది, నాది. మీరు వాడేశారు."

అవునంది లాయరమ్మ. క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది.

టైలరమ్మ లేచి ముఖం కడుక్కుని వచ్చింది. ఫోన్ తీసి పళ్లపొడి నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది. ఈసారి మీ ఎదుటే అడుగుతా, నాకు దాపరికం ఏమీ లేదు అంది. అవతల చిరునవ్వు వినిపించగానే, ఇంకొక్క ప్రశ్న అడగాలండీ అంది. మా అమ్మాయి ఏ వారం పుట్టిందో చెప్పమనండి. తర్వాత, పెట్టేయబోయి, ఏదో గుర్తొచ్చినట్టు గొంతు తగ్గించి అడిగింది, రాత్రిళ్లు నిద్ర పడుతోందో లేదో కూడా కనుక్కోండి అని. పెళ్లాం కదా. తప్పకుండా అన్నాడాయన.

లాయరమ్మ తల పట్టుకుంది. అదేం ప్రశ్న? పాప పుట్టిన తేదీ బర్తు సర్టిఫికెట్లో ఉంది. సర్టిఫికెట్ కోర్టు ఫైల్లో ఉంది. తేదీ తెలిస్తే వారం ఎవరైనా చెబుతారు. ఆ మాటే అంటే, "చెప్పనివ్వండి," అంది టైలరమ్మ, అంతే.

జవాబు ఫోన్లో రాలేదు. మధ్యాహ్నం ఎండ వాలుతుండగా పళ్లపొడే స్వయంగా వచ్చాడు. సంతకానికి కాగితం కూడా తోలు ఫోల్డర్లో పెట్టి తెచ్చుకున్నాడు. అత్తగారు మంచినీళ్లిచ్చింది. ఆయన రెండు గుక్కలు తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలో చూసుకుని, పెట్టి, అప్పుడు చెప్పాడు.

"గురువారం అన్నాడండీ."

లాయరమ్మ ఫైలు మనసులోనే తిరగేసింది. బుధవారం. అనుమానమే లేదు, ఆ కాగితం ఆమె స్వయంగా చూసింది. జవాబు తప్పు. అంటే అక్కడ ఉన్నది అతను కాదు. అంటే బేరం లేదు, సంతకం లేదు, రేపు సాక్ష్యం ఉంది. హాయిగా ఊపిరి పీల్చుకుంది. పీల్చుకున్నాక తెలిసింది, తను ఊపిరి పీల్చుకున్నది ఒక మనిషి చచ్చిపోయాడన్న వార్తకని.

టైలరమ్మ ఆమెనే చూస్తోంది. ఆ ఊపిరిని విన్నది.

లేచి వంటింట్లోకి నడిచింది. లాయరమ్మ వెనకాలే వెళ్లింది. అక్కడ అత్తగారు ఉండనే ఉంది. టైలరమ్మ గట్టును పట్టుకుని నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఓదార్చాలని చెయ్యి వేయబోయిన లాయరమ్మకు అప్పుడు తెలిసింది, ఆమె నవ్వుతోందని. ఏడుస్తూ నవ్వుతోంది.

"ఆయనే. చచ్చినా ఒప్పుకోడు. పాప బుధవారం పుట్టింది. ఆయన ఆ రోజు బస్సు మీద ఉన్నాడు, మర్నాటికి గానీ రాలేదు. నేను చూసింది గురువారం, నాకు పుట్టింది గురువారమే అంటాడు. ప్రతి పుట్టినరోజుకీ ఇదే గొడవ మా ఇంట్లో. కాగితం చూసి చెప్పేవాడెవడైనా బుధవారమే అంటాడు."

కళ్లు తుడుచుకుని, నెమ్మదిగా అంది:

"మీరు ఇందాక సంతోషించారు, చూశాను. తప్పనను. కానీ నేను సంతకం పెడుతున్నా."

లాయరమ్మ బతిమాలింది. ప్రపంచంలో ఏ కోర్టులోనూ ఎవరినీ బతిమాలని మనిషి, ఆ ఇరుకు వంటింట్లో, గిన్నెల బుట్టకు ఆనుకుని బతిమాలింది. సంతకం అయ్యాక వదలకపోతే ఏం చేస్తావంది. నువ్వు చూశానని చెప్పినంత కాలమే వాళ్లకు భయమంది. చూసినవాళ్లు లేరని తేలాక లోపలున్న మిగతావాళ్లను బతకనివ్వరంది. తోడబుట్టినవాళ్ల కోసం, కన్నబిడ్డల కోసం ఎదురుచూస్తున్న ఇళ్లన్నీ ఒక్కొక్కటిగా గుర్తుచేసింది. ఒక్క ఇల్లు మాత్రం చెప్పలేదు.

టైలరమ్మ అన్నీ వింది. "వాళ్ల ముఖం చూడలేనక్కా," అంది. అక్క తిరిగొచ్చింది, అందుకే ఇంకా గుండె కోసినట్టయింది. "చూడలేను. ఊరు వదిలి పోతాం. అయినా పెడతా. మీ ఇంట్లో మనిషి ఉంటే మీరైనా అంతే."

లాయరమ్మ తలెత్తి అత్తగారి వైపు చూసింది.

అత్తగారు కుళాయిని చూస్తోంది. గుడ్డ చుట్టినా నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఒక్క మాట చాలు. నా కొడుకూ ఆ బస్సులోనే ఉన్నాడమ్మా అంటే చాలు, ఈ పిల్ల చేతిలో కలం ఆగిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరి చూపులూ కలిసి ఉంటే ఏమయ్యేదో గానీ, ఆవిడ కలపలేదు. పైటతో చేతులు తుడుచుకుంది.

"పెట్టు తల్లీ," అంది. "రాగలిగినవాడు ఇంటికి రావాలి."

బస్సు మాయమైన రోజు నుంచీ అత్తగారు ఒక్కసారి కూడా కొడుకు పేరెత్తి ఏడవలేదు. హాల్లో వాడి మంచం టైలరమ్మకు ఇచ్చిన రోజున మాత్రం, ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది, నిద్ర పట్టట్లేదు అని విసుక్కుంది. ఆ పిల్లాడు ఉన్నన్నాళ్లూ ఆవిడ విసుగు వాడి గోల మీద ఉండేది. లా చదివాడు, వదిన దగ్గర జూనియరుగా చేరాడు, రాత్రయితే చాలు నిద్రలో ఎక్కాలు అప్పజెబుతాడు. చిన్నప్పుడు లెక్కల మాస్టారు పెట్టిన భయం మీసాలొచ్చినా వదల్లేదు. పన్నెండో ఎక్కం దాకా గుర్రంలా పోయేవాడు. అక్కడి నుంచి తప్పులు. పక్కగదిలోంచి ఆవిడ కళ్లు మూసుకునే సరిదిద్దేది. వాడు నిద్రలో వినిపించుకునేవాడు కాదు.

టైలరమ్మ సంతకం చేసింది. కుట్టుపని చేసే చెయ్యి, వంకర లేకుండా చేసింది. నియమం ప్రకారం లాయరు పక్కన సంతకం పెట్టాలి, బలవంతం ఏమీ జరగలేదని. లాయరమ్మ కలం అందుకుంది. ఇంతకు ముందు ఆమె సంతకం జైళ్ల తలుపులు తీయించింది, ఒకసారి ఒక నియంతను విమానంలోంచి దింపింది. ఈసారి అది ఒక బస్సును భూమిలో పూడ్చిపెట్టింది.

పళ్లపొడి కాగితాన్ని ఫోల్డర్లో పెట్టుకున్నాడు. కోర్టు ఆఫీసు ఇంకా తెరిచే ఉంటుందని, తను నేరుగా అక్కడికే వెళతానని, కారు కిందే ఉందని చెప్పాడు. అమ్మాయి ధైర్యాన్ని మెచ్చుకున్నాడు. లాయరమ్మను కూడా మెచ్చుకున్నాడు. ఆమె గుమ్మం దాకా సాగనంపింది. టైలరమ్మా వచ్చింది. వెనకాల అత్తగారు, ఆయన తాగిన గ్లాసు కడగాలని తీసుకుని, అలాగే చేత పట్టుకుని వచ్చింది.

లిఫ్టు వచ్చింది. ఆయన లోపలికి అడుగుపెట్టి, మీట నొక్కి, నుదురు కొట్టుకున్నాడు.

"అన్నట్టు, మరిచేపోయానమ్మా. నిద్ర సంగతి అడగమన్నావుగా. పట్టట్లేదట పాపం. పక్కనున్న కుర్రాడెవడో రాత్రంతా ఎక్కాలు చదువుతాడట. అదీ తిన్నగా చదవడట, పదమూడో ఎక్కంలోకి రాగానే తప్పులేనట."

పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఆ నవ్వు మీద తలుపులు మూసుకున్నాయి.

టైలరమ్మ కూడా నవ్వింది. మొగుడి విసుగు తలచుకుని, ప్రేమగా నవ్వింది. తిరిగి చూసేసరికి లాయరమ్మ ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. పక్కన ముసలావిడ గ్లాసును రెండు చేతులతో గుండెకు అదుముకుని, మూసిన లిఫ్టు తలుపులతో మాట్లాడుతోంది.

"పదమూడు ఏళ్లు తొంభై ఒకటి," అంటోంది అత్తగారు. "ఎన్నిసార్లు చెప్పినా తొంభై రెండంటాడు. ఒకటిరా నాయనా. తొంభై ఒకటి."

లాయరమ్మ మెట్ల వైపు పరుగెత్తింది. ఒక మెట్టు దిగింది. ఆ మెట్టు మీదే ఆగిపోయింది. వెనక నుంచి ఒక చెయ్యి ఆమె మణికట్టును గట్టిగా పట్టుకుంది. సూది పట్టి పట్టి గరుకెక్కిన వేళ్లు.

"ఎవరక్కా అతను?"

లిఫ్టు తలుపు మీద ఎర్ర అంకెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి.